ఉత్తుత్తి ప్రయాణికులు

సోమవారం ఉదయం తాళాలాయన వేసుకున్న పథకంలో అనుమానించాల్సిందేమీ లేదు. కాఫీ తాగడం, కొట్టు తెరవడం, పోస్టాఫీసువాళ్ళ ఇనప్పెట్టె తాళం బాగుచేసి పంపడం, ఆ తరవాత విమానం ఆఫీసుకి వెళ్ళి శుక్రవారానికి తనకీ భార్యకీ రెండు సీట్లు రాయించుకోవడం. అంతే. కానీ తాళాలాయన సంగతి మీకు తెలియదు. ఆయన తన కొట్టుకి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూసి, ఆ లాగడంలో ఊడిందేమోనని మళ్ళీ చూసే మనిషి.

అయితే విమానం కంపెనీ విషయంలో ఆయన్ని తప్పుపట్టలేం. ఊరు ఉన్నది దీవి మీద. ఒకప్పుడు ఓడ వచ్చేది. విమానం వచ్చాక ఓడ ఎక్కేవాళ్ళు తగ్గిపోయి ఓడ కంపెనీ మూతబడింది. ఓడ ఉన్నన్నాళ్ళూ విమానం ఠంచనుగా వచ్చింది. ఓడ పోయాక వారానికి ఒక్కసారి, శుక్రవారం మాత్రమే వస్తానంది. ఆ శుక్రవారాలకి కూడా జబ్బులు మొదలయ్యాయి. ఓసారి సాంకేతిక కారణం, ఓసారి వాతావరణం, ఓసారి అసలు కారణమే లేదు. ఓడ పోవడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని కంపెనీవాళ్ళు అంటారు. అన్నారు కాబట్టి రాస్తున్నాను.

తాళాలాయన భార్య బట్టలు కుడుతుంది. సగం ఊరు ఆవిడ కుట్టిన బట్టలే కట్టుకుంటుంది. కొంతకాలంగా ఆవిడ కళ్ళల్లో శుక్లాలు ముదిరిపోయాయి. బడి మేష్టారి చొక్కాకి జేబు లోపలివైపు కుట్టింది. ఆయన మంచివాడు కాబట్టి ఏమీ అనకుండా అలాగే తొడుక్కుని తిరిగాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషను చేసినా చూపు రాకపోవచ్చునని అవతలి ఒడ్డున నగరంలోని కంటి డాక్టరు కబురు చేశాడు. ఆయన ఇచ్చిన తారీఖులు ఇప్పటికే రెండు పోయాయి. రెండుసార్లూ విమానం రాలేదు. మూడోది ఈ శనివారం. ఇదీ పోతే మళ్ళీ ఎప్పటికిస్తారో ఆస్పత్రివాళ్ళకే తెలియదట.

తాళాలాయన విమానం ఆఫీసుకి వెళ్ళేసరికి ఏజెంటు కుర్చీ తుడుచుకుంటున్నాడు. ఆ ఆఫీసుకి ఏజెంటు, గుమాస్తా, జవాను అన్నీ అతనే.

"శుక్రవారానికి ఎంతమంది అయ్యారు?" అని అడిగాడు తాళాలాయన.

"ముగ్గురు. ఇంకా టైముంది కదండీ. మీకు ఎన్ని రాయమంటారు?"

"ఆలోచించుకుని చెప్తాను" అని తాళాలాయన తిరుగుముఖం పట్టాడు.

ఇంటికొచ్చేసరికి భార్య సూది పట్టుకుని దారం ఎక్కించడానికి తంటాలు పడుతోంది. దారం ప్రతిసారీ సూది పక్కనుంచి పోతోంది.  ఆయన సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చాడు.

"రాయించారా?" అంది ఆవిడ.

"లేదు. ముగ్గురే ఉన్నారు. మనం కలిస్తే ఐదుగురు. ఐదుగురి కోసం వాళ్ళు విమానం తియ్యరు."

"అలా అనకండి. మొన్న నిజంగానే ఇంజను చెడిందేమో."

"అంతకు ముందు తుఫానన్నారు. ఆ రోజు నువ్వు దుప్పట్లు ఉతికి ఆరేశావు. ఆరాయా లేదా?"

"తడిమి చూశాను. గంటలో ఆరాయి. అయినా పాపం, వాళ్ళకి ఏం ఇబ్బందులున్నాయో" అంది ఆవిడ. ఆవిడకి ఎవరిమీదా అనుమానం ఉండదు. ఆ ఇంట్లో రావలసిన అనుమానం మొత్తం భర్త వాటాకే వచ్చింది.

తాళాలాయన ఆ మధ్యాహ్నమంతా కొట్లో కూర్చుని ఆలోచించాడు. సీట్లు నిండవని కదా వాళ్ళు రానిది? నిండినట్టు కనిపిస్తే సరి. ఫోను చేసి పేరు చెబితే చాలు, ఏజెంటు సీటు రాసుకుంటాడు. డబ్బు ఎక్కే ముందు కట్టాలి. అంటే తెలిసినవాళ్ళందరిచేతా ఉత్తుత్తి పేర్లు ఇప్పిస్తే కంపెనీ ఆశపడి విమానం పంపుతుంది. తీరా వచ్చాక వాళ్ళెవరూ ఎక్కరు, తామిద్దరూ ఎక్కుతారు. వచ్చిన విమానం ఎలాగూ తిరిగి వెళ్ళాలి కదా, ఇక్కడే గుడ్లు పెట్టదు కదా.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, సంగతి ఎవరికీ చెప్పకూడదు, ఏజెంటు చెవిన పడుతుంది. రెండు, తమ పేర్లు అందరికన్నా ఆఖర్న ఇవ్వాలి. ఎందుకంటే విమానం రానప్పుడల్లా కంపెనీకి ఆయన ఘాటైన ఉత్తరాలు రాశాడు. తన పేరు చూస్తే పంతానికైనా మానేస్తారని ఆయన గట్టి నమ్మకం.

ముందుగా పక్కవీధి రొట్టెలావిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పొయ్యి దగ్గర పిండి చేతులతో ఉంది.

"చెల్లెమ్మా, శుక్రవారం విమానానికి నీ పేరూ మీ ఆయన పేరూ పిల్లల పేర్లూ ఇచ్చెయ్. ఫోను చేస్తే చాలు."

"మేం ఎక్కడికెళ్తాం అన్నయ్యగారూ?"

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. పేర్లిస్తే చాలు."

"వెళ్ళనిదానికి పేర్లెందుకు?"

"అది మాత్రం అడక్కు" అని ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేనడిగానని ఎవరికీ చెప్పకు."

అలాగే మేష్టారికి చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే బావమరిదికి చెప్పాడు. వెళ్ళిన ప్రతిచోటా ఇటూ అటూ చూశాడు, గొంతు తగ్గించాడు, అడక్కు అన్నాడు. రహస్యం కాపాడటానికి ఒక మనిషి ఇంతకన్నా ఏం చెయ్యగలడు?

అడక్కు అంటే అడగరు, నిజమే. ఆలోచిస్తారు. రొట్టెలావిడ రొట్టెలు కాల్చుతూ ఆలోచించింది. ఇంటిల్లిపాదినీ ఒకే రోజు విమానం ఎక్కమంటున్నది ఎవరు? తమ పెరటి తలుపుకి తాళం బిగించిన మనిషి. తమకే కాదు, ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ఆయనే బిగించాడు. మారుతాళాలన్నీ ఆయన కొట్లోనే మేకులకి వేలాడుతుంటాయి. ఊరు ఖాళీ అయితే ఎవరికి లాభం?  అయినా పేర్లు మాత్రం ఫోను చేసి ఇచ్చేసింది. ఇవ్వకపోతే తనకి తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోతుంది కదా.

మర్నాడు పొద్దున్నే కొట్టుకి వచ్చింది.

"ఒక తాళం కావాలి అన్నయ్యగారూ. గట్టిది."

"మొన్నే కదమ్మా వేశాను?"

"అది ఉంటుంది. దాని పక్కన ఇంకోటి. దీని మారుతాళం మీ దగ్గర ఉండకూడదు."

ఆ రోజూ మర్నాడూ కొట్టు ముందు జనం. అందరికీ అలాంటి తాళమే కావాలి. అమ్మేవాడిమీద అనుమానంతో అతని దగ్గరే తాళం కొనడం ఏమిటని మీరు నవ్వొచ్చు. ఊళ్ళో తాళాల కొట్టు కూడా ఒకటే మరి. తాళాలాయన మాత్రం వేరేగా అర్థం చేసుకున్నాడు. ఇంతమంది ఇన్ని తాళాలు కొంటున్నారంటే ఊళ్ళోకి దొంగలు దిగారన్నమాట. ఆయన కూడా తన ఇంటికి ఇంకో తాళం బిగించుకున్నాడు. అది చూసి జనానికి మతి పోయింది.

ఆ ముడిని బావమరిది విప్పాడు. "మా బావని మీరు తప్పుగా అనుకుంటున్నారు. ఆయన దొంగ కాదు. ఆయనకి ఏదో తెలిసింది" అని ఫ్యాక్టరీలో చెప్పాడు.

"ఏం తెలిసింది?" అన్నారు పక్కనున్నవాళ్ళు.

"పేరివ్వమన్నాడు, ఎందుకో అడక్కన్నాడు. ఇంటికి రెండో తాళం వేశాడు. అంటే ఆయనా వెళ్ళిపోతున్నాడు. ఎవరైనా ఉన్నపళంగా ఎప్పుడు వెళ్తారు?"

ఈ ప్రశ్నకి జవాబు మేష్టారు చెప్పాడు. మేష్టారు చెబితే ఊరు నమ్ముతుంది. "ఇదే ఆఖరి విమానం. సర్వీసు ఎత్తేస్తున్నారు."

ఇంకేముంది. నగరంలో పనున్నవాళ్ళు, పని ఉండొచ్చేమోనని అనుకున్నవాళ్ళు, ఏ పనీ లేకపోయినా తరవాత పనిపడితే ఎలాగని భయపడ్డవాళ్ళు, అందరూ విమానం ఆఫీసుకి ఫోన్లు కలిపారు.

గురువారం మధ్యాహ్నం తాళాలాయన తీరిగ్గా ఆఫీసుకి వెళ్ళాడు. ఏజెంటు మొహం వెలిగిపోతోంది.

"మాకు రెండు రాయండి" అన్నాడు తాళాలాయన.

"లేవండీ. ఫుల్లు. నేను ఈ కుర్చీలో కూర్చున్నాక విమానం ఫుల్లవడం ఇదే మొదటిసారి. హెడ్డాఫీసుకి ఫోను చేసి చెప్తే వాళ్ళు నోట మాట రాక ఊరుకున్నారు."

 ఆ పేర్లన్నీ ఉత్తివని చెబితే విమానం రాదు. చెప్పకపోతే సీట్లు లేవు. తాళాలాయన బయటికొచ్చాడు. దారిపొడుగునా తనకి తనే ధైర్యం చెప్పుకున్నాడు. పేర్లున్నాయి కానీ మనుషులు రారు కదా. పొద్దున్నే వెళ్ళి నిలబడితే సీట్లన్నీ ఖాళీయే.

"పెట్టె సర్దు" అన్నాడు భార్యతో.

"సీట్లు దొరికాయా?"

"దొరకలేదు. అందుకే ఖాయంగా దొరుకుతాయి."

 ఆవిడ బట్టలు తడిమి తడిమి పెట్టెలో సర్దింది.

శుక్రవారం పొద్దున విమానాల షెడ్డుకి వెళ్ళి చూస్తే, కాలు పెట్టడానికి చోటు లేదు. పెట్టెలు, మూటలు, పిల్లలు. ముందు వరసలో రొట్టెలావిడ, మెళ్ళో కొత్త తాళంచెవి వేసుకుని కూర్చుంది. ఆవిడ వెనక మేష్టారు, ఆయన వెనక బావమరిది.

"ఏమిటిది చెల్లెమ్మా? పేర్లిస్తే చాలన్నాను కదా" అన్నాడు తాళాలాయన.

"పేరిచ్చాను, వచ్చాను. ఇది ఆఖరిదైతే నేనెందుకు రాకూడదు?"

"ఎవరన్నారు ఆఖరిదని?"

"మీరే" అన్నాడు మేష్టారు. "అనలేదు, నిజమే. కానీ మీరు అనకపోవడం మేం అందరం విన్నాం."

తాళాలాయన నెత్తి కొట్టుకున్నాడు. ఇక దాచి లాభం లేదని, ఏజెంటు వినకుండా, జరిగిందంతా చెప్పేశాడు. "రేపు మా ఆవిడకి కళ్ళ ఆపరేషను. ఇది తప్పితే చూపు పోతుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను, రెండు సీట్లు వదలండి."  అంత మనిషి అందరిముందూ అలా అడగడం ఎవరూ ఎరగరు.

 రొట్టెలావిడ మెల్లిగా అంది. "వదినకోసమైతే ఇప్పుడే ఇచ్చేదాన్ని. కానీ సోమవారం పేరు చాలన్నారు. ఇవాళ కళ్ళంటున్నారు. ఇది మాత్రం నిజమని నాకెలా తెలుస్తుంది?"

"నా కళ్ళు చూస్తే తెలుస్తుందమ్మా" అంది తాళాలాయన భార్య, రొట్టెలావిడ అనుకుని స్తంభం వైపు తిరిగి.

రొట్టెలావిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. లేచి తన సీటు ఇచ్చేస్తానంది. బావమరిది కూడా "అక్కా, నాదీ తీసుకో. బావ నాకైనా చెప్పి ఏడవచ్చు కదా" అన్నాడు. సరిగ్గా అప్పుడే విమానం దిగింది. చెప్పిన వేళకి దిగింది. అదే అనుమానించాల్సిన విషయం.

విమానంలోంచి ఒకే ఒక్క మనిషి దిగాడు. నల్ల సంచీ, ఇస్త్రీ చొక్కా. హెడ్డాఫీసునుంచి వచ్చిన విచారణాధికారి అట. నేరుగా ఏజెంటు దగ్గరికి వచ్చాడు.

"ఏళ్ళ తరబడి సగం కూడా నిండని విమానం మూడు రోజుల్లో ఎలా నిండింది? ఇవన్నీ దొంగ పేర్లు. విచారణ పూర్తయ్యేదాకా లిస్టులో పేరున్నవాళ్ళెవరూ విమానం ఎక్కడానికి వీల్లేదు" అన్నాడు.

"అయ్యో, వాళ్ళంతా ఇక్కడే ఉన్నారండీ, మనుషులే" అన్నాడు ఏజెంటు.

"అదే ఇంకా అనుమానంగా ఉంది" అని అధికారి రొట్టెలావిడ వైపు తిరిగాడు. "మీరెందుకు ప్రయాణమయ్యారు?"

"మేష్టారు ఆఖరి విమానమన్నారు."

"మీకెవరు చెప్పారు?" అని మేష్టారిని అడిగాడు. ఆయన బావమరిదిని చూపించాడు. బావమరిది తలొంచుకుని బావని చూపించాడు. అధికారి తాళాలాయన్ని ఎగాదిగా చూశాడు.

"మీ పేరు లిస్టులో ఉందా?"

"లేదండీ."

"మీ ఆవిడది?"

"లేదండీ."

"మరైతే మీతో నాకు పని లేదు. పక్కకి జరగండి" అన్నాడు అధికారి. తాళాలాయన్ని ఎవరైనా అనుమానించకుండా వదిలెయ్యడం ఆ వారంలో అదొక్కటే.

అధికారి మళ్ళీ ఏజెంటు మీద పడ్డాడు. "సీట్లు నిండకపోతే సర్వీసు ఎత్తేస్తామని మేం నీకు ఉత్తరం రాశాం. వెంటనే నిండాయి. ఉద్యోగం కాపాడుకోవడానికి పేర్లు పుట్టించావు, అవునా?"



"అంటే ఎత్తేస్తారన్నది నిజమేనన్నమాట" అన్నాడు మేష్టారు. అబద్ధం చెప్పాననుకుని అప్పటిదాకా వెనక్కి తగ్గినవాడు ఇప్పుడు ముందుకొచ్చాడు.

"అది... ఇంకా నిర్ణయం కాలేదు. కంపెనీ అన్నాక లాభం చూసుకోవాలి కదా" అని అధికారి నసిగాడు.

"నాదీ వ్యాపారమే బాబూ" అంది రొట్టెలావిడ. "ఊళ్ళో ఇంకో రొట్టెల కొట్టు ఉన్నప్పుడు నేను పొద్దున్నే కాల్చాను. అది మూతబడింది కదాని ఇప్పుడు ఇష్టమొచ్చినప్పుడు కాలిస్తే వీళ్ళు నన్ను బతకనిస్తారా? మీరు ఓడని లేకుండా చేశారు. మమ్మల్ని మోసే పూచీ మీది కాదూ?"

జనం అధికారి చుట్టూ చేరారు. రాని శుక్రవారాల లెక్కలు ఒక్కొక్కరే అడగడం మొదలుపెట్టారు. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండుననిపించేలా నెమ్మదిగా అడిగారు. లిస్టులో పేరున్నవాళ్ళని కదలొద్దన్నది ఆయనే కాబట్టి వాళ్ళెవరూ కదల్లేదు.

ఇంతలో పైలట్ షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. "నాకు అవతల ఇంకో ట్రిప్పుంది. ఎవరైనా వస్తున్నారా, ఖాళీగా వెళ్ళిపోనా?"

ఏజెంటు అధికారి వైపు చూశాడు. గుంపు మధ్య ఆయన జుట్టు మాత్రమే కనిపిస్తోంది. ఏజెంటు తాళాలాయన దగ్గరికి వచ్చాడు. "లిస్టులో లేనివాళ్ళు ఊరు మొత్తం మీద మీరిద్దరే దొరికారు. పెట్టె పట్టుకోండి."

తాళాలాయన అనుమానంగా చూశాడు. "ఇద్దరి కోసం విమానం వెళ్తుందా?"

"వెళ్ళదండీ. కానీ ఇవాళ అడిగేవాడికి ఖాళీ లేదు."

"పదండి, మళ్ళీ ఆలోచిస్తూ నిలబడకండి" అని భార్యే ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. విమానం లేచిన చప్పుడుకి అధికారి ఉలిక్కిపడి బయటికి పరిగెత్తాడట. అప్పటికే అది సముద్రం మీద ఉంది. ఊళ్ళో హోటలు లేదు కాబట్టి ఆయన్ని రొట్టెలావిడ ఇంట్లో పెట్టుకుంది. గదికి బయటనుంచి కొత్త తాళం వేసిందని కొందరంటారు. నేను చూడలేదు.

శనివారం ఆపరేషను అయింది. కట్టు విప్పి, చూపు చక్కగా వచ్చిందన్నాడు డాక్టరు. తాళాలాయన నమ్మలేదు. డాక్టర్లు అలాగే అంటారు. వేళ్ళు చూపించి ఎన్ని అని భార్యని అడిగాడు. ఆవిడ సరిగ్గానే చెప్పింది. తన మనసు కష్టపెట్టకూడదని ఊహించి చెబుతోందేమోనని ఆయన మళ్ళీ అనుమానించాడు. వారమంతా అదే బాధ. రాత్రి నిద్రపోతున్న ఆవిడ మొహం చూస్తూ, నిజంగా కనపడకపోతే ఎలాగని లోలోపల కుమిలిపోయాడు.

తిరుగు ప్రయాణం రోజున ఇద్దరూ నగరం విమానాశ్రయంలో ఒక మూల కూర్చున్నారు. హాలు ఆ చివర, గోడమీద ఎత్తుగా ఒక బోర్డు ఉంది. తాళాలాయనకి అక్కడ అక్షరాలున్నాయని మాత్రమే తెలుస్తోంది.

"ఏమండీ, మన విమానం రద్దు చేశారండీ" అంది భార్య, కూర్చున్నచోటినుంచే.

"ఎందుకట?"

"వాతావరణం అని రాశారు. దాని కింద చిన్నక్షరాల్లో, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని ఉంది." ఆవిడ కిటికీలోంచి బయట ఎండ కేసి చూసింది. మళ్ళీ బోర్డు కేసి చూసింది. "పచ్చి అబద్ధమండీ."

తాళాలాయన లేచి, హాలు దాటి, బోర్డు కిందకి వెళ్ళి, తలెత్తి అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు. ఆవిడ చదివింది చదివినట్టే ఉంది.

ఆపరేషను బాగా జరిగిందని ఆయన అప్పుడు నమ్మాడు.